మగ్రిబ్ వేళ పూసే తీగ

రాజమహేంద్రవరం మీదుగా వచ్చి, జొన్నాడ వద్ద గౌతమీ పాయ మీది వంతెన దాటి, రావులపాలెంలో బస్సు దిగిన మనిషికి మొట్టమొదట తెలిసేది తడి. గాలిలో తడి, మట్టిలో తడి, ఇంటి గోడల మీద పచ్చని పాచిగా పేరుకున్న తడి. అరటి గెలలు నింపుకున్న బళ్ళు ఒకవైపు, కొబ్బరి రాశులు మరొకవైపు. అక్కడి నుండి అమలాపురం దాకా దారి పొడుగునా కాలువ ఏదో ఒక పక్కన తోడు వస్తూనే ఉంటుంది. గౌతమి, వసిష్ఠ అనే రెండు పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న ఈ నేలను కోనసీమ అంటారు. వైనతేయ పాయ దీని మధ్యగా సాగి సముద్రంలో కలుస్తుంది. ధవళేశ్వరం వద్ద 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట, దాని నుండి బయలుదేరిన కాలువలు ఈ సీమకు ఏడాది పొడుగునా పచ్చదనాన్ని ఇచ్చాయి. ఆర్థర్ కాటన్ విగ్రహాలు ఇక్కడి ఊళ్ళలో ఇప్పటికీ కనిపిస్తాయి. నీటి విలువ తెలిసిన రైతు కృతజ్ఞత అది.

నేను ఈ తడి నేలలో పుట్టినవాణ్ణి కాను. మాది కడప జిల్లా. వేలూరులో చదువు ముగించుకుని, కొన్నేళ్ళు స్వస్థలంలోనే పిల్లలకు పాఠం చెప్పి, ఇరవై రెండేళ్ళ క్రితం అమలాపురానికి సమీపంలోని ఒక గ్రామ మదరసాకు బోధకునిగా వచ్చాను. మస్జిదు, దాని వెనుక మూడు గదుల మదరసా, ఒక పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరి చెట్లు. నలభైమంది పిల్లలు. వచ్చిన మొదటి రోజు కుళాయి తిప్పగానే ఆగకుండా దూకిన నీటిని చూసి నేను కొంతసేపు అలాగే నిలబడిపోయాను.

మా ఊళ్ళో నీరంటే లెక్క. మా ఇంట ఐదుగురు పిల్లలం. నమాజుకు ముందు ఒక్కొక్కరికి ఒక్కొక్క బద్నా నీళ్ళు. బద్నా అంటే ముక్కు ఉన్న చెంబు. సన్నని ధారగా నీరు పడుతుంది. మా అమ్మ మమ్మల్ని వరుసగా కొట్టం పక్కన, బీరపాదు గట్టు మీద కూర్చోబెట్టి వుజూ చేయించేది. ముఖం కడిగిన నీళ్ళు, కాళ్ళు కడిగిన నీళ్ళు అన్నీ ఆ పాదులోకే పోయేవి. మా కోసం ఒకసారి, తీగ కోసం ఒకసారి నీళ్ళు తోడే స్తోమత ఆ బావికి లేదు. అదే నీటితో మేమూ శుభ్రపడేవాళ్ళం, తీగా బ్రతికేది. వానాకాలం ముగిసే నాటికి కొట్టం కప్పు మీద పసుపు పూలు విరిసి, కాయలు చూరు నుండి వేలాడుతూ ఉండేవి.

ఇంతటి శిక్షణ పొందినవాణ్ణి, కోనసీమకు వచ్చిన కొన్నాళ్ళకే దాన్ని మరిచిపోయాను. కరవు నేర్పిన పాఠాన్ని సమృద్ధి ఎంత సులువుగా చెరిపివేస్తుందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మస్జిదు వుజూ ఖానాలో ఎనిమిది కుళాయిలు ఉండేవి. ఆ నీరంతా ఒక చిన్న తూము గుండా వెనుక పెరట్లోకి చేరేది. పెరడు పల్లంగా ఉండటం వల్ల అక్కడ ఏడాది పొడుగునా నీరు నిలిచేది. వేసవిలో అది బురద, వానాకాలంలో మడుగు. ఆ పెరటికి అవతల ఒక పెద్ద వయసు రైతు ఇల్లు, పశువుల సావిడి. మధ్యలో ఆయన తండ్రి నాటి ఇటుక గోడ.

ఒకరోజు ఆయన మస్జిదు గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పి నిలబడి, ఎంతో మర్యాదగా అన్నాడు: "సాయిబు గారూ, మీ నీళ్ళు మా గోడ కిందకి వస్తున్నాయండి. పునాది నానిపోతోంది. కాస్త ఏదైనా చూడండి."

నేను నవ్వాను. "కోనసీమలో ఎవరి గోడ కింద నీళ్ళు లేవండీ, బాబాయి గారూ?" అన్నాను.

ఆయన మరేమీ అనలేదు. "ఆయ్" అని తల ఊపి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు మరోసారి చెప్పాడు. కమిటీ దృష్టికి తీసుకువెళ్తానన్నాను. తీసుకువెళ్ళలేదు.

ఆ ఏడాది ఆగస్టులో నాలుగు రోజులు ఎడతెరపి లేని వాన. నాలుగో నాటి రాత్రి గోడ కూలింది. తెల్లవారుజామున ఫజ్ర్ నమాజుకు లేచిన పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పారు. వెళ్ళి చూస్తే, పన్నెండు అడుగుల గోడ ఆయన సావిడిలోకి ఒరిగి పడి ఉంది. ఇటుకల కుప్పకు జానెడు దూరంలో లేగదూడ వణుకుతూ నిలబడి ఉంది.

ఆ వారమే పెద్ద తరగతి పిల్లలకు నేను పొరుగువాడి హక్కును గురించిన అధ్యాయం బోధిస్తున్నాను. జిబ్రీల్ (అ) పొరుగువారి విషయమై పదే పదే తాకీదు చేయడం చూసి, వారిని వారసులుగా కూడా చేర్చుతారేమోనని మహాప్రవక్త (స) భావించిన ఆ ప్రసిద్ధ హదీసును వివరించి, కంఠస్థం చేయమని చెప్పి ఉన్నాను. పొరుగువాడు అన్నప్పుడు మతం అడగనక్కర లేదని కూడా నేనే చెప్పాను. ఆ పిల్లలే ఇప్పుడు నా వెనుక నిలబడి కూలిన గోడను చూస్తున్నారు. వారిలో ఒక్కడైనా నోరు విప్పి ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ భారమైంది.

నేను క్షమాపణ కోరాను. "పోన్లెండి, దూడ బ్రతికింది" అన్నాడాయన. అంతకు మించి మాట్లాడలేదు. ఇటుకలు, సిమెంటు కమిటీ కొన్నది. తాపీ మేస్త్రీ కూలి నా జీతం నుండి ఇచ్చాను. ఇటుకలు పిల్లలూ నేనూ మోశాం. గోడ నిలబడింది కానీ మాట నిలబడలేదు. గోడకు అవతల ఆయన, ఇవతల మేము. ఎదురుపడితే తల ఊపడం, అంతే. తూము నుండి నీరు మాత్రం ఎప్పటిలాగే పడుతూ ఉండేది.

ఏదో ఒకటి చేయాలి. నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, మా అమ్మ చేసిన పని. మృగశిర కార్తెలో తొలి వానలు పడగానే బీర గింజలు తెప్పించి, మడుగు అంచున, తూముకు దగ్గరగా, గుంతలు తీసి పిల్లలతో నాటించాను. తడి ఎంత ఎక్కువ ఉంటే తీగ అంత బాగా పెరుగుతుందని నా నమ్మకం. మొదటి వారంలో మొలకలు వచ్చాయి. రెండో వారంలో ఆకులు పసుపు తిరిగాయి. మూడో వారంలో మొదళ్ళు నీరుకారి, పట్టుకుంటే చేతికి ఊడివచ్చాయి. ఇరవై గుంతలలో ఒక్కటి కూడా మిగలలేదు.

పిల్లలు ఆ కుళ్ళిన మొలకలను ఏరుతూ ఉండగా గోడ మీదుగా ఒక కంఠం వినిపించింది. "సాయిబు గారూ, అవి వరి మొక్కలు కావండి."

పది నెలల తరువాత ఆయన నాతో ఆడిన తొలి మాట అది. పిల్లలు నవ్వారు. నాకు కూడా నవ్వు వచ్చింది. ఆయన గోడ చుట్టూ తిరిగి లోపలికి వచ్చి, పంచె పైకి కట్టి, మడుగు అంచున కూర్చుని చెప్పిన మాటలు నేను చదివిన ఏ గ్రంథంలోనూ లేవు.

బీర మన నేల తీగ. దాని అడవి జాతి అయిన చేదుబీర మన దేశపు పొదల్లో, కంచెల మీద తనంతట తానే మొలుస్తుంది. తొలకరిలో పుట్టి, వానల్లో పాకి, శీతకాలం నాటికి కాయ ముదిరి ఎండిపోవడం దాని స్వభావం. ఒక్క కారు బ్రతుకు. అందువల్ల దానికి నీరు కావాలి, పుష్కలంగా కావాలి. కానీ వేరుకు నీటితో పాటు గాలి కూడా కావాలి. నిలిచిన నీటిలో మట్టి రంధ్రాలన్నీ నిండిపోయి వేరుకు ఊపిరి ఆడదు, కుళ్ళు పడుతుంది. వరి వేరుకు నీటి అడుగున కూడా గాలి అందే ఏర్పాటును సృష్టికర్త ఇచ్చాడు. బీరకు ఇవ్వలేదు. కడపలో మా తీగకు పడ్డ నీరు క్షణంలో ఇంకిపోయేది, కాబట్టి ఆ భేదం నాకు తెలియలేదు. ఇక్కడ వానాకాలంలో మనిషి లోతు తవ్వకముందే నీరు ఊరుతుంది. పోసిన నీరు ఇంకడానికి చోటు లేదు.

"తడి నేలలో తీగను కిందికి నాటకూడదండి, పైకి నాటాలి" అన్నాడాయన.

ఆయన చెప్పినట్లే చేశాం. మడుగు మట్టినే తవ్వి అడుగున్నర ఎత్తు, మూడడుగుల వెడల్పు గల దిబ్బలు ఆరు వేశాం. అందులో కాలువ ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపాం. ఎరువు ఆయన సావిడి నుండే వచ్చింది. తవ్విన చోట ఏర్పడిన కాలి వెడల్పు బోదె గుండా నీరు దిబ్బల మధ్యగా పారుతుంది. దిబ్బ పాదం తడుస్తుంది కానీ తల మునగదు. వేరు తనకు కావలసినంత లోతుకు దిగి నీటిని వెతుక్కుంటుంది. గింజలు రాత్రంతా నానబెట్టి, మొనను కిందికి ఉంచి, అంగుళం లోతున, దిబ్బకు నాలుగు చొప్పున నాటాం. ఐదారు రోజుల్లో మొలిచాయి. నాలుగాకులు వేశాక దిబ్బకు బలమైన రెండింటిని ఉంచి తక్కినవి తీసివేశాం. పీకితే పక్క వేరు కదులుతుందని ఆయన గోటితో తుంచమన్నాడు. తుంచడానికి పిల్లలకు మనసు రాలేదు. ఒకడు రెండు మొక్కలను కొబ్బరి చిప్పల్లో పెట్టుకుని పడక దగ్గర దాచుకున్నాడు.

సరుగుడు రాటలు పాతి, పైన వెదురు బద్దలు పరచి, కొబ్బరి తాడుతో అల్లి ఆరడుగుల ఎత్తున పందిరి వేశాం. తడి గాలి ఉన్న చోట పందిరి అలంకారం కాదు, అవసరం. నేల మీద పాకిన తీగ ఆకులు ఆరవు, వాటికి బూజు తెగులు పడుతుంది, కాయ మట్టికి తగిలి కుళ్ళుతుంది. పందిరి మీద గాలి ఆడుతుంది, కాయ వేలాడి నిటారుగా పెరుగుతుంది. తీగ పందిరి చేరేదాకా పక్క కొమ్మలు గిల్లి, చేరాక తల తుంచితే నాలుగు వైపులా పాకుతుంది.

దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 141వ ఆయతులో పందిళ్ళ మీద పాకించే తోటల ప్రస్తావనా, పందిళ్ళు లేని తోటల ప్రస్తావనా వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ పదాలకు నేను అరబ్బీ నిఘంటువు అర్థం చెబుతూ వచ్చాను. ఆ ఏడాది పిల్లలను పందిరి కింద కూర్చోబెట్టి చెప్పాను. ఆ ఆయతులోనే కోత నాడు దాని హక్కును చెల్లించమన్న ఆదేశమూ, దుబారా చేయవద్దన్న హెచ్చరికా ఉన్నాయి. పందిరి, హక్కు, దుబారా. ఈ మూడూ మా పెరట్లో ఒకేచోట ఉన్నాయని నాకు అప్పుడు కనిపించింది.

నాటిన అయిదో వారం ముగుస్తుండగా మొగ్గలు వచ్చాయి. అప్పుడే ఒక చిత్రమైన సంగతి పిల్లల కంటపడింది. పగలంతా మొగ్గలు ముడుచుకుని ఉంటాయి. అసర్ నమాజు అయ్యాక, ఎండ వాలుతున్నప్పుడు కదులుతాయి. మగ్రిబ్ అజాన్ నాటికి పందిరంతా లేత పసుపు పూలతో నిండిపోతుంది, సన్నని పరిమళం వస్తుంది. సంధ్యవేళ తిరిగే రెక్కల పురుగులు వాటిని వెతుక్కుంటూ వస్తాయి. బీర సాయంకాలం పూసే తీగ. దాని దగ్గరి చుట్టమైన నేతిబీర మాత్రం తెల్లవారుజామున, ఫజ్ర్ వేళకు, మరింత చిక్కని పసుపు రంగులో పూస్తుంది. మరుసటి ఏడు ఒక దిబ్బ మీద నేతిబీర కూడా నాటి పిల్లలు ఈ సంగతిని సరిచూసుకున్నారు. ఒకటి పగటిని సాగనంపుతుంది, ఒకటి పగటికి ఎదురెళ్తుంది. నేతిబీరలో నేయి ఎంత ఉందో అందరికీ తెలుసు కానీ, దాని పువ్వు పూసే వేళ మాత్రం చాలామందికి తెలియదు.

మొదట గుత్తులుగా వచ్చేవన్నీ మగపూలు. ఒక్కటీ పిందె కట్టదు. పిల్లలు దిగులుపడ్డారు. కొద్ది రోజులకు అదే కణుపున ఒంటరిగా, అడుగున వేలంత పిందెతో ఆడపూలు వచ్చాయి. ఎరువు అతిగా వేస్తే ఆకు పెరుగుతుంది, మగపూలు పెరుగుతాయి, కాయ తగ్గుతుంది. వాన పడ్డ సాయంత్రాల్లో పురుగులు రావు, పిందెలు పసుపు తిరిగి రాలిపోతాయి. అలాంటప్పుడు మగపువ్వును తెంపి, రేకలు ఒలిచి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా తాకించాలని రైతు చూపించాడు. మగ్రిబ్ నమాజు కాగానే పిల్లలు లాంతరు పట్టుకుని పందిరి కిందికి వెళ్ళేవాళ్ళు. పాఠంలో ఎప్పుడూ వెనుకబడే ఒక పిల్లవాడు ఈ పనిలో అందరికన్నా ముందుండేవాడు. వాడి చేయి పడ్డ పువ్వు రాలేది కాదు. వాణ్ణి మందబుద్ధి అని అంతకు ముందు ఒకటి రెండుసార్లు అని ఉన్నాను. ఆ మాట మళ్ళీ అనలేదు.

తెగుళ్ళూ వచ్చాయి. లేత ఆకులను జల్లెడ చేసే ఎర్రని పెంకు పురుగును పొద్దున్నే, మంచులో అది మందకొడిగా ఉన్నప్పుడు, చేతితో ఏరి, ఆకుల మీద కట్టెల బూడిద చల్లాం. పండు ఈగ కుట్టిన కాయలను నేల మీద వదలకుండా ఏరి పారవేయాలి. వదిలితే పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగగా లేస్తుంది.

ఇదిలా ఉండగా, పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడు ఒకరోజు అడిగాడు: "హజరత్, వుజూ చేసిన నీళ్ళతో పెరిగిన కాయ తినవచ్చా?"

మంచి ప్రశ్న. వుజూకు ఒకసారి వాడిన నీరు మన ఫిఖ్హ్ ప్రకారం పరిశుద్ధమైనదే, కాకపోతే దానితో మళ్ళీ వుజూ చేయరాదు. తీగకు పోయడానికి ఏ అభ్యంతరమూ లేదు. మరుగుదొడ్ల నీరు వేరే తూములో పోతుంది, అది ఇందులో కలవదు. ఇంతవరకు చెప్పి, ఆగాను. ఎందుకంటే రెండు రోజుల క్రితమే ఆ రైతు మరొక మాట అని ఉన్నాడు: "ఆరు దిబ్బల తీగలు ఎంత తాగుతాయండీ? మీ కుళాయిలు ఇచ్చినంత తాగలేవు."

నిజమే. దిబ్బలు వేసినా మడుగు తగ్గలేదు. ఇంకుడు గుంత తవ్విద్దామంటే, కింద ఊరే నీటితోనే అది నిండిపోతుంది. తీగ మీద పెట్టిన భారం తీగది కాదు, మాది.

ఆ సాయంత్రం ఒక్కొక్క కుళాయి కింద బకెట్టు పెట్టి, పిల్లలను ఎప్పటిలాగే వుజూ చేసుకోమన్నాను. కొలిస్తే సుమారుగా ఒక్కొక్కరికి ఆరు లీటర్లు. నలభైమంది, రోజుకు ఐదు పూటలు, అంటే రెండు వందల వుజూలు, పన్నెండు వందల లీటర్లు. మహాప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ముద్ద్ అంటే రెండు దోసిళ్ళు కలిపి పట్టినంత, మన కొలతలో లీటరు కూడా కాదు. ఈ హదీసు కూడా నేను ఏటేటా బోధించేదే. బకెట్లలోని నీటిని చూస్తూ పిల్లలు లెక్క కట్టారు. నా వుజూ నీటిని కూడా కొలుద్దామని వారు అడగలేదు, నేనే కొలిచాను. ఏడు లీటర్లు.

మరునాడు అమలాపురం వెళ్ళి పన్నెండు బద్నాలు కొనుక్కొచ్చాను. లీటరు నీరు పట్టేవి. వరుసగా నింపి పెట్టడం, వుజూ ముగిశాక మళ్ళీ నింపి ఉంచడం పిల్లల వంతు. కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు. ఎదురుగా కాలువ పారుతుంటే ఈ పిసినారితనం ఏమిటన్నారు. కుళాయిలు మూసివేయలేదు, అలవాటు లేనివారికి ఉంచాం. కానీ మదరసా పిల్లలు బద్నాకు అలవాటు పడ్డారు. రెండు వందల వుజూలు, రెండు వందల లీటర్లు. నెల తిరిగేసరికి మడుగు బోదెగా మారింది. మిగిలిన ఆ కొద్ది నీటికి రైతు తన పెరట్లోంచి దారి ఇచ్చాడు. ఇప్పుడది ఆయన కొబ్బరి చెట్ల మొదళ్ళకు చేరుతుంది. ఏ నీరు ఆయన గోడను కూల్చిందో ఆ నీటిని ఆయనే పిలిచి తన తోటలోకి తీసుకున్నాడు.

పూచిన వారం పది రోజులకు కాయ కోతకు వచ్చింది. కాయ లేతగా, గోరు దిగేటట్లు ఉన్నప్పుడే కోయాలి. ఆలస్యమైతే నార పడుతుంది. కూర వండే ముందు ప్రతి కాయనూ ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదు తగిలితే ఆ కాయను సందేహించకుండా పారవేయాలి, ఆ చేదు కడుపుకు కీడు చేస్తుంది. తొలి కోతలో వచ్చిన పద్నాలుగు కాయలనూ పిల్లలు ఒక బుట్టలో పెట్టి గోడకు అవతలికి తీసుకువెళ్ళారు. ఆయన భార్య నాలుగు తీసుకుని, తక్కినవి తిరిగి పంపుతూ గిన్నెడు పాలు కూడా ఇచ్చింది. ఇక్కడ బీరకాయ కూరలో పాలు పోసి వండుతారు. మా ఇంట బీరకాయ అంటే మాంసంతో కలిపి వండడమే. ఆ రోజు మాత్రం పాలు పోసి వండాం. పిల్లలు రెండోసారి అడిగి తిన్నారు.

తీగ గోడ ఎక్కి అటువైపు కూడా దిగింది. అటు వేలాడే కాయ ఎవరిది అని పెద్ద తరగతిలో వాదన జరిగింది. తీగ ఎవరిదో కాయ వారిదే అని శాస్త్రం చెప్పాను. అయితే మా వాళ్ళలో ఎవరూ అటు కాయ కోయరు. అది శాస్త్రం కాదు, మర్యాద. ఉడతలు, చిలుకలు పాడుచేసిన కాయలు కూడా ఉన్నాయి. నాటినవాడి పంటను పక్షి తిన్నా, పశువు తిన్నా అతని ఖాతాలో దానంగానే జమ అవుతుందన్న శుభవార్త ఉంది కనుక పిల్లలు వాటిపై రాళ్ళు రువ్వడం మానేశారు. పూర్తిగా మానేశారని చెప్పలేను, చాలావరకు మానేశారు.

కార్తీకం వచ్చేసరికి ఆకులు అంచుల నుండి ఎండసాగాయి. ఏటేటా బ్రతికే తీగ అయితే కత్తిరించి కాపాడవచ్చు. బీరకు ఆ అవకాశం లేదు. నాలుగు నెలల్లో తన పని ముగించుకుని వెళ్ళిపోతుంది. అన్నిటికన్నా మంచి తీగ మీది రెండు కాయలను గింజలకై వదిలి వేశాం. అవి ముదిరి, గోధుమ రంగు తిరిగి, లోపల నార గూడు కట్టి, గాలికి ఊగినప్పుడు గలగలమన్నాయి. ఎండిన బీరకాయను కోయనక్కర లేదు. కొనన ఒక చిన్న మూత ఉంటుంది. అది దానంతట అదే ఊడి, తలకిందులుగా వంచితే నల్లని గింజలు దోసిట్లో రాలుతాయి.

ఆ చలికాలం సెలవుల్లో కొన్ని గింజలను రుమాలులో కట్టుకుని కడప వెళ్ళాను. అమ్మ లేదు. కొట్టం లేదు. ఆ చోట మా అన్న కొడుకు కట్టిన డాబా ఉంది, పెరడంతా సిమెంటు. స్నానాల గది నీరు బయటకు పోయే చోట మూరెడు నేల మిగిలి ఉంది. గింజలు మా వదిన చేతిలో పెట్టి, వానలు పడ్డాక అక్కడ నాటమన్నాను. "ఆ నీళ్ళు చాలుతాయా?" అని అడిగింది. అక్కడ దిబ్బ అవసరం లేదు, గుంత తీయాలి, నీరు నిలవాలి అని చెప్పాను. ఒకే తీగ, ఒకే గింజ. ఒక నేలలో పైకి నాటాలి, మరొక నేలలో కిందికి నాటాలి. సెప్టెంబరులో ఆమె ఫోను చేసి, తీగ డాబా మెట్ల దాకా పాకిందని చెప్పింది.

ఇక్కడ మూడో ఏడు నడుస్తోంది. ఇప్పుడూ అప్పుడప్పుడు తొందరలో నా చేయి కుళాయి వైపే పోతుంది. పిల్లలు చూస్తుంటే వెనక్కి తీసుకుంటాను. చూడకపోయినా తీసుకునే రోజు కోసం ప్రయత్నిస్తున్నాను.

సోదర సోదరీమణులారా, మీ ఇంటి వెనుక తడి ఆరని మూల ఒకటి ఉంటే, తొలకరికి ఒక దిబ్బ వేసి రెండు గింజలు నాటండి. దిబ్బ వేసే ముందు ఆ తడి ఎక్కడి నుండి వస్తోందో, ఎవరి గోడ కిందికి పోతోందో ఒకసారి చూడండి.

ఈ మాటలు రాస్తున్నది పందిరి పక్కన కూర్చునే. అసర్ అయింది. ఎండ కొబ్బరి ఆకుల కిందికి దిగింది. బద్నాలు వరుసగా నింపి ఉన్నాయి. గోడకు అవతల ఆయన దూడను పిలుస్తున్నాడు. అది ఇప్పుడు దూడ కాదు, ఈనిన ఆవు. అయినా ఆయన దాన్ని అలాగే పిలుస్తాడు. మొగ్గలు కదలడం మొదలుపెట్టాయి.